ఎండ చూసిన నెత్తురు

"శాంపిల్ అడ్డాకులో చుట్టి తెచ్చారు సార్."

ఏడేళ్ళ కిందట అరకు దగ్గర ఒక ఆసుపత్రిలో, డాక్టరు గారి ముందు నిలబడి నేను చెప్పిన మాట ఇది. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. శాంపిల్ నిజంగానే అడ్డాకులో, కొండల్లో విస్తర్లు కుట్టే ఆ వెడల్పాటి ఆకులో, చుట్టుకుని వచ్చింది. ఆ వెంటనే నేను చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది: "ఆ ఆకు విప్పి, గొట్టాన్ని రెండు గంటలు కిటికీలో వదిలేసింది నేను." అది చెప్పలేదు. ఆయన మళ్ళీ అడగలేదు. నేనూ ఊరుకున్నాను. ఆ ఊరుకున్నది ఏడేళ్ళు సాగింది. ఈలోగా ఒక మనిషి తన చేతులను తానే అసహ్యించుకుంది. ఇది రాస్తున్నది అందుకే.

అప్పటికి నాకు నలభై దాటింది. మాది విజయనగరం వైపు పల్లపు ఊరు. ల్యాబ్ టెక్నీషియన్‌గా చాలా చోట్ల పనిచేశాను. ఒక కొత్త పరికరం కొండ ప్రాంతాల్లో ఎలా పనిచేస్తుందో చూడాలనుకున్న బృందం ఒకటి నన్ను పనిలో పెట్టుకుని, ఆ పరికరాన్నీ నన్నూ కలిపి ఆ ఆసుపత్రికి పంపింది. పరికరమంటే టిఫిన్ క్యారేజీ అంత పెట్టె. మామూలుగా నెత్తురు పరీక్షకు రసాయనాలు కలపాలి. వాటిని ఫ్రిజ్‌లో ఉంచాలి. కొండల్లో కరెంటు పోతే రోజంతా రాదు కాబట్టి అవి పాడైపోతాయి. ఈ పెట్టెకు ఆ బెడద లేదు. నెత్తురును గిరగిరా తిప్పితే ఎర్రటిది అడుగుకు దిగి పైన తేట నిలుస్తుంది. ఆ తేటను మేం సీరమ్ అంటాం. అది ఒక్క చుక్క పెడితే చాలు, పెట్టె దాని గుండా తెల్లని వెలుగు పంపిస్తుంది. ఆ వెలుగులోని ఏ రంగు ఎంత లోపల ఇంకిపోయిందో, ఎంత అవతలికి వచ్చిందో కొలుస్తుంది. కామెర్ల పసుపు నీలి వెలుగును మింగుతుంది. నీలం ఎంత తగ్గితే కామెర్లు అంత ఎక్కువ.

ఆ తేట అంటే నాకు ఇష్టంగా ఉండేది. ఒక్కొక్కరిది ఒక్కో తీరు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళది ఎండుగడ్డిలా లేత పసుపు. రాత్రి పంది మాంసం తిని వచ్చినవాళ్ళది కాస్త పాలు కలిపినట్టు. కామెర్లవాళ్ళది కాచిన నెయ్యి రంగు. మనుషులు బయట అబద్ధాలాడతారు గాని ఆ తేట ఆడదు అనుకునేవాణ్ణి. అది చూసే నేను ఆడగలనని తట్టలేదు.

కొండమీది ఒక గూడెం నుంచి శాంపిల్స్ తెచ్చే ఆశా కార్యకర్త ఒకామె ఉండేది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. ఆ గూడెంలోని సబ్‌సెంటరులో నర్సమ్మ నెత్తురు తీసి ఇస్తే, ఈమె కొండ దిగి, గెడ్డ అనే కొండవాగు దాటి, కాఫీ తోటల మధ్య నుంచి గంటన్నర నడిచి తెచ్చేది. మొదటిరోజు ఆమె నా బల్ల మీద పెట్టింది చూసి నాకు నవ్వొచ్చింది. అడ్డాకు పొట్లం, దానికి వెదురు పుల్ల గుచ్చి ఉంది.

"ఏమ్మా, ఇడ్లీ పొట్లం తెచ్చావా?"

"ఇడ్లీ కాదు బాబూ, మా ఊరి ముసలోడి నెత్తురు. పచ్చడేసుకోని తినీకు" అంది.

అక్కడివాళ్ళు ఎవరినైనా నువ్వనే అంటారు. అందులో అమర్యాద ఏమీ ఉండదు.

"మరి ఆకెందుకు?"

"ఒంట్లోంచి తీసింది ఎండ సూడకూడదు. బొడ్డు కోసినా, నెత్తురు తీసినా నీడలోనే ఎల్లాల. మా అత్త సెప్పింది."

"చూస్తే ఏమవుద్ది?"

"ఏటవుద్దో నాకేటి తెలుసు? మా అత్తనడిగితే నెత్తి మీద మొట్టీసింది. నువ్వూ మొట్టికాయ తింతావేటి?"

ఆ పనిలో చేరినప్పుడు మాకు రెండు రోజులు శిక్షణ ఇచ్చారు. అందులో ఒక మాట నా నోటుపుస్తకంలో నా చేతి రాతతోనే ఉంది. కామెర్ల శాంపిల్‌ను వెలుతురుకు దూరంగా ఉంచాలి, వెలుతురు తగిలితే ఆ పసుపు విరిగిపోతుంది, లెక్క తక్కువ చూపిస్తుంది. అందుకని గొట్టాలకు తొడగడానికి నల్ల కవర్లు ఇచ్చారు. అవి మూడు నెలల్లో అయిపోయాయి. మళ్ళీ పంపమని నేను రాయలేదు. మిగతా ఊళ్ళ శాంపిల్స్ వచ్చీ రాగానే వెండిరంగు కాగితం చుట్టేవాణ్ణి. ఈమె పొట్లాన్ని మాత్రం దాని వంతు వచ్చేదాకా అలాగే ఉంచేవాణ్ణి. ఆమె అత్త చెప్పిందీ మాకు శిక్షణలో చెప్పిందీ ఒకటేనని నాకు మొదటిరోజే తెలుసు. ఆ మాట ఆమెతో అని ఉంటే ఎంత సంబరపడేదో. అనలేదు. చదువుకుని వచ్చినవాణ్ణి, ఒక ముసలమ్మ మొట్టికాయ కింద నిలబడినట్టు ఉంటుందని చిన్నతనం అనిపించింది.

అయినా మాకు స్నేహం కుదిరింది. నాకు చోడి అంబలి, అదే రాగి అంబలి, తెచ్చేది. పనసతొనలు తెచ్చేది. ఒకరోజు పెట్టె ముందు చతికిలబడి, "ఇందల ఏటి జరుగుద్దో సెప్పు బాబూ. నీకు తెలీకపోతే తెలీదని సెప్పు, నేనేటీ అనుకోను" అంది. గాజుగ్లాసులో పసుపు నీళ్ళు కలిపి, ఫోన్ లైటుకు నీలం ప్లాస్టిక్ కాగితం చుట్టి ఒక పక్క నుంచి పట్టాను. గోడ మీద వెలుగు దాదాపు చచ్చిపోయింది. మంచినీళ్ళ గ్లాసు పెడితే నీలం గోడ మీద నిలబడింది.

ఆమె గ్లాసులు తనే మార్చి మార్చి చూసింది. "అయితే పసుపు నీలాన్ని తినేత్తాది. మిగిలిందాన్ని మిసను లెక్కెడతాది."

"అంతే."

"కళ్ళు సూత్తే తెలీదేటి పసుపు? దీనికింత మిసనా?"

"పసుపని తెలుస్తుంది. ఎంత పసుపో తెలియదు కదా."

ఒప్పుకుంది. "నిజమే. ఉప్పెక్కువైందని నాలిక సెప్తాది గాని ఎంతెక్కువైందో సెప్పదు." తర్వాత గూడెంలో ఆ గ్లాసుల ఆట పిల్లలకు ఆడి చూపించిందట. నర్సమ్మ చెప్పి నవ్వింది.

ఇలా రెండేళ్ళు గడిచాయి. ఆమె పొట్లంలో వచ్చిన శాంపిల్ ఒక్కటీ పాడవలేదు. ఇది గుర్తుపెట్టుకోవాలి. నేను మరచిపోయాను.

ఆ రోజు శుక్రవారం, సంత రోజు. శీతాకాలం. పొద్దున్న తొమ్మిదిన్నరకు కూడా మంచు తెరలు తెరలుగా ఆసుపత్రి ఆవరణలో నిలిచి ఉంది. ఆమె దాదాపు పరుగెత్తినట్టు వచ్చింది. ఆమె కూతురు మూడు రోజుల కిందట మా ఆసుపత్రిలోనే ఆడపిల్లను కని, మర్నాడు ఇంటికి వెళ్ళింది. తొలి కాన్పు. ఆ పొద్దున నర్సమ్మ బిడ్డ మడమ గుచ్చి నాలుగు చుక్కలు తీసింది.

"బేగి సూడు బాబూ. మా గుంట బిడ్డది. కళ్ళు పసుపు ముద్దల్లాగున్నాయి, పాలు పట్టట్లేదు." గుంటంటే వాళ్ళ మాటలో ఆడపిల్ల.

కరెంటు లేదు. నెత్తురు తిప్పే యంత్రం నడవదు. వచ్చాక చూస్తానన్నాను. ఆమె వరండాలో కూర్చుంది. గొట్టానికి నంబరు అతికించాలి, అందుకని పొట్లం విప్పి, ఆకు గుమ్మం వైపు పడేశాను. అప్పుడే ఆయా వచ్చి బల్ల తుడుస్తానంటే గొట్టాన్ని స్టాండులో గుచ్చి కిటికీ గట్టు మీద పెట్టాను. అప్పుడు కిటికీ అవతల ఎండ లేదు. మంచు తెల్లగా అద్దానికి ఆనుకుని ఉంది. ఆకు మళ్ళీ చుట్టాలని తోచలేదు. ఆదివారం మా బావమరిది వస్తున్నాడు, కరెంటు వచ్చేలోగా సంతలో నాటుకోడి చూసుకుందామని సంచి పట్టుకుని బయటపడ్డాను.

"ఇప్పుడే వస్తా" అన్నాను ఆమెతో.

"ఎల్లిరా బాబూ" అంది.

సంతలో మంచు విడిపోయింది. అరకులో శీతాకాలపు ఎండ ఎలా వస్తుందో అక్కడ ఉన్నవాళ్ళకు తెలుసు. తెర లాగేసినట్టు ఒక్కసారిగా పడుతుంది, కళ్ళు చెదురుతాయి. అందరం ఆ ఎండకు మొహాలు పెట్టి హాయిగా నిలబడ్డాం. కోడి బేరం, ఎవరో తెలిసినాయన కనబడితే కాఫీ, ఆ కాఫీ మీద కబుర్లు. తిరిగి వచ్చేసరికి పన్నెండు కావస్తోంది. కరెంటు వచ్చి ఎంతసేపయిందో తెలియదు. ఆమె వరండాలో అదే చోట, అదే తీరున కూర్చుని ఉంది.

గదిలోకి వెళ్ళాను. కిటికీ నిండా ఎండ. గొట్టాన్ని తీస్తే వేళ్ళకు వెచ్చగా తగిలింది. అక్కడ ఒక్క క్షణం ఆగాను. ఆగానన్న సంగతి నాకు బాగా గుర్తుంది. ఏమవుతుందిలే అనుకుని దాన్ని తిప్పే యంత్రంలో పెట్టాను.

పెట్టె పదకొండు చూపించింది. మూడో రోజు బిడ్డకు అది మరీ భయపడే లెక్క కాదు. చాలామందికి దానంతట అదే తగ్గుతుంది. చీటీ రాసి డాక్టరు గారికి చూపించాను. ఆయన పాలు బాగా పట్టమని, రెండు రోజుల తర్వాత మళ్ళీ చూద్దామని చెప్పారు.

ఆమె చీటీ తీసుకుని కదలలేదు.

"ఇంకోపాలి సూడు బాబూ."

"ఎన్నిసార్లు చూసినా అంతే ఉంటుందమ్మా."

"ఆ తేట కాదు. మల్లీ నెత్తురు తీయించి తెత్తాను. నా కళ్ళకి ఎక్కువ కనపడతంది."

"రెండేళ్ళ నుంచి చూస్తున్నావు కదా. మిషన్ కంటే నీ కళ్ళు ఎక్కువా?"

"మిసను గుంటని సూడనేదు కదా బాబూ. నెత్తుర్నే సూసింది."

జవాబు లేనప్పుడు మనిషికి కోపం వస్తుంది. "నీ మనవరాలనే కంగారు నీకు. వెళ్ళి పాలు పట్టించు" అన్నాను. ఆమె తల ఊపింది. నన్ను నమ్మింది. తన కళ్ళను పక్కన పెట్టి నా పెట్టెను నమ్మింది. దాన్ని నమ్మమని రెండేళ్ళుగా గ్లాసులు పెట్టి నేర్పింది నేనే.

మూడోరోజు పొద్దున్న డోలీలో తెచ్చారు తల్లీబిడ్డలను. గెడ్డ దాటేటప్పుడు మోసేవాళ్ళకు నడుముల దాకా తడిసింది. బిడ్డ పాలు తాగడం మానేసింది. ఏడుపు సన్నగా, కీచుగా ఉంది. వీపు విల్లులా వెనక్కి వంగుతోంది. ఆసుపత్రిలోనే నెత్తురు తీసి నా చేతికిచ్చారు. అదే పెట్టె, అదే వెలుగు. మొన్నటికి రెండింతలు దాటి చూపించింది. గంటలో అంబులెన్సు ఘాట్ రోడ్డు మీద విశాఖ వైపు దిగిపోయింది.

అప్పుడు డాక్టరు గారు నన్ను పిలిచారు. కోపంగా లేరు, అయోమయంగా ఉన్నారు. "మొన్న పదకొండు ఏమిటి? శాంపిల్ ఎలా వచ్చింది?"

"అడ్డాకులో చుట్టి తెచ్చారు సార్."

ఆయన నిట్టూర్చారు. "అడవి ఆకు, ఏ పసరు కలిసిందో ఏమో. ఎండలో గంటన్నర నడక" అని రిజిస్టరులో ఒక వాక్యం రాసుకున్నారు. ఎండలో గంటన్నర! ఆ పొద్దున్న మంచు తప్ప ఎండ ఎక్కడిది? ఆకు లోపలికి ఎండ ఎక్కడిది? ఇవన్నీ నాకు తెలుసు. "నేను వెళ్ళొచ్చా సార్" అన్నాను.

నాలుగో రోజున సెలవు పెట్టి పాసింజరు రైలెక్కి విశాఖ వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. ఆ దారిలో సొరంగాలు వరసగా వస్తాయి. టైడా స్టేషను దాటేదాకా చీకటి, వెలుతురు, చీకటి. ప్రతి చీకటిలోనూ చెప్పాలనిపించింది. ప్రతి వెలుతురులోనూ వద్దనిపించింది.

పెద్దాసుపత్రి పిల్లల వార్డులో అద్దం అవతల ఆ బిడ్డను చూశాను. కళ్ళకు గంతలు కట్టి, ఒంటి మీద బట్ట లేకుండా నీలి లైట్ల కింద పడుకోబెట్టారు. ఆ నీలి వెలుతురే ఒంట్లోని కామెర్ల పసుపును విరగ్గొడుతుంది. అదే వైద్యం. అక్కడ నిలబడ్డప్పుడు నాకు మొత్తం అర్థమైంది. శుక్రవారం నా కిటికీలో ఎండ చేసిన పని కూడా అదే. రెండు గంటలపాటు ఆ నాలుగు చుక్కల కామెర్లు నయమయ్యాయి. గొట్టంలో నెత్తురుకు నయమైంది, బిడ్డకు కాలేదు.

ఆమె వరండాలో నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచింది.

"ఒచ్చినావా బాబూ. ఇంత దూరం. తిన్నావా?"

నేను తల ఊపాను. ఆమె నా మొహంలోకి చూసి, గొంతు తగ్గించి అడిగింది. "నా ఆకు వల్లేనా బాబూ? డాకటేరు బాబు అన్నాడంట. నిజం సెప్పు. నీకయితే తెలుస్తాది."

ఆమె అడిగింది ఒక్క మాట. కాదు అంటే సరిపోయేది. కాదు, నా వల్ల అంటే ఇంకా సరిపోయేది. "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా, బిడ్డ బాగుపడనీ" అన్నాను. ఓదార్పులా వినబడే మాట వెతికి మరీ అన్నాను. దాన్ని ఆమె ఔననే అర్థం చేసుకుంది. అలా చేసుకుంటుందని నాకు తెలుసు.

బిడ్డ బతికింది. తరువాతి నెల ఆశా కార్యకర్తల సమావేశంలో శాంపిల్స్ ఎలా తేవాలో చూపించమని డాక్టరు గారు నాకు అప్పగించారు. ముప్ఫైమంది దాకా ఉన్నారు. నేను ఒక చేత్తో ప్లాస్టిక్ డబ్బా, ఒక చేత్తో అడ్డాకు పట్టుకున్నాను. డబ్బా పైకెత్తి "ఇలా" అన్నాను. ఆకు పైకెత్తి "ఇలా కాదు" అన్నాను. రెండో వరసలో ఆమె ఉంది. అందరి తలలూ అటు తిరిగాయి. ఆమె తల దించుకుంది.

ఏడాది తిరక్కుండా పెట్టె పరీక్షలు ముగిశాయి. నేను పల్లానికి దిగి ఒక ల్యాబులో చేరాను. దిగే ముందు నర్సమ్మ చెప్పింది, ఆ పిల్ల వెనక నుంచి పళ్ళెం పడేసినా తిరిగి చూడడం లేదని. కామెర్లు ముదిరితే చెవి నరం దెబ్బతింటుంది. ఆ సంగతి మా శిక్షణలోనే చెప్పారు. అది కూడా నా నోటుపుస్తకంలో ఉంది.

తరువాతి ఏళ్ళ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మా ల్యాబుకు పచ్చకామెర్ల శాంపిల్ వచ్చిన ప్రతిసారీ నల్లకాగితం చుట్టాను. ఒకటికి రెండు చుట్లు. తోటివాళ్ళు నా చాదస్తాన్ని చూసి నవ్వేవారు. మా ఆవిడకు ఒకసారి చెప్పాను. ఆమె విని, "నాకు చెప్పి ఏం లాభమండీ?" అంది.

మొన్న శీతాకాలంలో ఒక వైద్య శిబిరానికి మా ల్యాబు తరఫున మళ్ళీ ఆ కొండల్లోకి వెళ్ళవలసి వచ్చింది. ఒక కొత్త ఆశా కార్యకర్త, పాతికేళ్ళుంటాయి, నెత్తురు గొట్టాలు పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో వేసుకుని మిట్టమధ్యాహ్నం ఎండలో ఊపుకుంటూ వచ్చింది. ఒకటి కామెర్లతో ఉన్న బాలింతది.

"వీటికి ఏదైనా చుట్టి తేవాలి కదమ్మా" అన్నాను.

"సుట్టకూడదంట సారూ. మా అత్తోలు మునపు అడ్డాకు సుట్టీవోరు. ఆకు పసరు తగిల్తే నెత్తురు పాడయిపోద్ది. అలాగే కదేటి, కొండమీద ఆ పెద్దమ్మ మనవరాలికి సెవులు పోయినాయి. ఆ పెద్దమ్మే సెప్పుద్ది అందరికీ, నాలాగ సెయ్యకండే అని."

ఆ సంచి నా చేతిలోనే ఉంది. నేను ఒక మనిషి మీదకు తోసిన సగం నిజం ఏడేళ్ళలో ఒక ఊరి నియమమైంది. పాత నియమం సరైనది. దాన్ని చంపింది నేను. ఇక ఎంతమంది శాంపిల్స్ ఎండలో నడిచి వచ్చాయో, ఎన్ని చీటీల మీద తప్పు లెక్కలు రాశారో ఎవరికీ తెలియదు.

మర్నాడు గెడ్డ దాటి కొండెక్కాను. ఆమె దారి అది. ఆమె గంటన్నరలో దిగే దారి ఎక్కడానికి నాకు మూడు గంటలు పట్టింది.

అరుగు మీద కూర్చుని అడ్డాకులకు వెదురు పుల్లలు గుచ్చి విస్తర్లు కుడుతోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది.

"పెట్టె బాబువు కదూ? సిక్కిపోనావేటి? కూకో."

ఆమె పక్కన ఒక ఆడపిల్ల ఆకుల తొడిమలు తుంచుతోంది. చెవి వెనక చిన్న మిషను. నా అడుగుల చప్పుడుకు తల ఎత్తలేదు, నా నీడ ఆకుల మీద పడ్డాక ఎత్తింది. తొర్రి పళ్ళతో నవ్వింది.

నీళ్ళు తాగి, ఎలా మొదలుపెట్టాలో తెలియక వరసగా చెప్పాను. శుక్రవారం. మంచు. నంబరు అతికించడానికి ఆకు విప్పింది. కిటికీ గట్టు. రెండు గంటలు. గొట్టం వెచ్చగా తగిలింది. వెలుతురు పసుపును విరగ్గొడుతుందని నాకు ముందే తెలుసని. నీ అత్త చెప్పింది నిజమని. నీ ఆకులో ఉన్నంతసేపూ ఆ నెత్తురు క్షేమంగా ఉందని.

ఆమె చేతులు ఆగలేదు. ఒక విస్తరి పూర్తయింది, ఇంకోటి మొదలుపెట్టింది. అప్పుడు అడిగింది.

"నువ్వు సంచట్టుకోని ఎల్లడం సూసినాను. సంతలో ఏటి కొన్నావు?"

"కోడి."

"కోడి" అంది ఆమె. ఇంకో పుల్ల గుచ్చింది. "నేనక్కడే ఉన్నాను గదా బాబూ, గుమ్మం కాడ. ఎండొత్తే గొట్టం తీసి లోపలెట్టమ్మా అని ఓ మాట సెప్పి ఎల్లుంటే నేనెట్టీదాన్ని గదా. ఆకు నా ఒడిలోనే ఉంది."

ఆకు ఆమె ఒడిలో ఉన్న సంగతి నాకు తెలియదు. నేను విప్పి పడేసిన ఆకును తీసుకుని, మడిచి ఒళ్ళో పెట్టుకుని రెండు గంటలు కూర్చుంది.

"ఈ సేతుల్తో దీని నోట్లో ముద్దెట్టడానికి నాకు భయం బాబూ" అంది పిల్ల వైపు చూస్తూ. "ఏడేళ్ళు. దీని అమ్మ నన్నేటీ అనలేదు. అనుంటే బాగున్ను."

నేను లేచి ఆమె కాళ్ళ మీద పడబోయాను. విస్తరి అడ్డుపెట్టి ఆపింది.

"ఇక్కడొద్దు. నాకొక్కదానికి సెప్పీసి కొండ దిగిపోతావా? ఆ దినం అందరి ముందరా ఆకు ఎత్తి సూపించినావు. అక్కడే సెప్పు. మంగలారం మీటింగుంది. దీన్నీ తెత్తాను."

మంగళవారం దాకా ఆగాను. ముందు రోజు ఇప్పుడున్న డాక్టరు గారిని కలిసి జరిగిందంతా కాగితం మీద రాసి ఇచ్చాను. ఆ డాక్టరమ్మ చదివి, నా వైపు చూడకుండానే "రేపు మీకు పది నిమిషాలు ఇస్తాను" అన్నారు.

అదే హాలు. కొత్త మొహాలు సగం, పాత మొహాలు సగం. అడ్డాకు పట్టుకుని లేచాను. చెప్పింది అంతా ఇక్కడ రాయను, పైన రాసిందే చెప్పాను. ఎండ తగిలితే కామెర్ల లెక్క తప్పుతుందని, ఆకు చుట్టడమే సరైన పద్ధతని, ఏ కవరు లేనప్పుడు ఆకే మేలని చెప్పాను. ఆకు ఎత్తి "ఇలా" అన్నాను. కొత్త ఆశా కార్యకర్త ఒకామె "మరి ఇన్నాళ్ళూ ఏటి సేత్తన్నావు సారూ?" అని గట్టిగానే అడిగింది. ఎవరూ ఆమెను వారించలేదు. "భయపడుతున్నాను" అన్నాను.

రెండో వరసలోనే కూర్చుంది ఆమె. మనవరాలు ఒళ్ళో ఉంది. ఆమె తల దించుకోలేదు. నేను రెండు చేతులూ జోడించి, నేల చూస్తూ ఏదో అన్నాను.

"అలాగ కాదు బాబూ" అంది ఆమె. "మొకం ఇటు తిప్పు. గుంట పెదాలు సూసి ఇంటాది. నెమ్మదిగా సెప్పు."

వాళ్ళ ముందుకు వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాను. కిటికీలోంచి ఎండ నా మొహం మీద పడుతోంది. పిల్ల నా నోటి వంకే చూస్తోంది. ఒక్కో మాటా విడదీసి చెప్పాను.

"మీ అమ్మమ్మ ఆకు మంచిది. తప్పు నాది. ఎండలో పెట్టింది నేను. చెప్పకుండా దాచింది కూడా నేనే. నన్ను క్షమించు తల్లీ. నువ్వూ క్షమించమ్మా."